ఒక ఆకును కొరికితే మొక్కంతా ఎలా జాగ్రత్తపడుతుంది? మనం గిల్లితే కూడా అదే జరుగుతుందా?

మీరు అడిగింది ఇది: ఒక ఆకును పురుగు కొరికితే మొక్క మిగతా ఆకుల్లో కూడా రక్షణ ప్రొటీన్లు తయారుచేసుకుంటుందని చదివారు, అది నిజమేనా, నరాలూ మెదడూ లేని మొక్కకు ఆ సంగతి ఎలా చేరుతుంది, నిజమైతే మనమే అప్పుడప్పుడూ ఆకులు గిల్లుతూ ఉంటే పురుగు పట్టకుండా ఉంటుందా అని. నేను చాలా ఏళ్లు ల్యాబ్‌లో ఈ పనే చేశాను, ఎక్కువగా టమాటా మొక్కలతో. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే: నిజమే, గాయం కాని ఆకుల్లోనూ ఆ ప్రొటీన్లు తయారవుతాయి. కబురు ఆకు నుంచి ఆకుకు రసాయనాల ద్వారా, విద్యుత్ సంకేతాల ద్వారా వెళుతుంది. గిల్లి కాపాడుకోవడం మాత్రం కుదరదు, మేలు కంటే నష్టమే ఎక్కువ.

ముందు ఒక అపోహ తీసేయాలి. మనకు దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టినట్టు ఈ ప్రొటీన్లు కూడా గాయం మాన్పడానికే వస్తాయని చాలామంది అనుకుంటారు. గాయం మూసుకోవడానికి మొక్కకు వేరే ఏర్పాట్లున్నాయి, తెగిన అంచు దగ్గర కణాల గోడలు గట్టిపడతాయి, చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ లాంటివి పేరుకుంటాయి. మీరు చదివిన ప్రొటీన్లు ఆ పని చేయవు. అవి తర్వాతి కాటు కోసం తయారయ్యేవి. పోయిన ఆకు ఎలాగూ పోయింది, పురుగు ఇంకా మొక్క మీదే ఉంది, రేపో ఎల్లుండో పై ఆకు మీదికి పాకుతుంది, అది పాకేలోపు ఆ ఆకు పురుగుకు అరగకుండా తయారై ఉండాలి. అందుకే ఇవి నిజంగా పనిచేసే చోటు మొక్క కాదు, పురుగు కడుపు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

దీన్ని మొదట తేల్చింది అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో క్లారెన్స్ రయాన్, ఆయనతో పనిచేసిన గ్రీన్. 1972లో వాళ్లు చూపించిందేమిటంటే, బంగాళాదుంప, టమాటా ఆకులను కొలరాడో పెంకుపురుగు తింటే, తిన్న ఆకులోనే కాదు, దాని జోలికి పోని ఆకుల్లో కూడా ప్రొటియేజ్ నిరోధకాలనే చిన్న ప్రొటీన్లు (ప్రొటీన్‌ను అరిగించే ఎంజైమ్‌లను అడ్డుకునేవి) పేరుకుంటాయని. పురుగే అక్కర్లేదు, పటకారుతో ఆకు నలిపినా చాలు. మేం ఇప్పటికీ చేసేది దాదాపు అదే: రెండు వారాల నారు, రెండే రెండు ఆకులు విచ్చుకుని ఉంటాయి, కింది ఆకు నడిమి ఈనెకు అడ్డంగా పటకారు పెట్టి నొక్కుతాం, తీసేసరికి అక్కడ ముదురాకుపచ్చ రంగులో తడిసినట్టు ఒక గీత పడుతుంది, పచ్చివాసన గుప్పుమంటుంది. ఆ వాసన కూడా ఈ కథలో భాగమే, కణాల పొరల్లోని కొవ్వు ఆమ్లాలు అప్పటికప్పుడు ముక్కలై గాల్లోకి లేచేదే ఆ వాసన.

ఈ ప్రొటీన్లు పురుగును ఏం చేస్తాయి? విషం అనే మాట వాడకండి, అది తప్పు దారి పట్టిస్తుంది. గొంగళిపురుగు తిన్న ఆకులోని ప్రొటీన్‌ను అరిగించుకోవడానికి దాని పేగులో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లు ఉంటాయి. నిరోధకం వెళ్లి ఆ ఎంజైమ్ కోరలో ఎముకముక్క ఇరుక్కున్నట్టు ఇరుక్కుంటుంది. ఎంజైమ్ దాన్ని కొరకలేదు, వదిలించుకోలేదు. అరగడం లేదని పేగు ఇంకా ఎంజైమ్ వదులుతుంది, అదీ ఇరుక్కుంటుంది, ఆ ఎంజైమ్‌ల తయారీకి పురుగు తన ఒంట్లోని అమైనో ఆమ్లాలనే ఖర్చుపెట్టాలి. కడుపు నిండా తింటూనే పస్తులున్నట్టు అవుతుంది. చావకపోవచ్చు, కానీ పెరుగుదల మందగిస్తుంది, పురుగు దశలోనే ఎక్కువ రోజులు ఉండిపోతుంది, అన్ని రోజులూ పక్షుల కంటా పరాన్నజీవి కందిరీగల కంటా పడే అవకాశం ఎక్కువ.

నాకు వీటన్నిటిలోకీ బాగా నచ్చే ప్రొటీన్ వేరే ఉంది, దాని గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. థ్రియోనిన్ డీఅమినేజ్. పేరు చూసి భయపడకండి. మామూలుగా ఇది ప్రతి మొక్కలోనూ ఉండే ఎంజైమ్, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోల్యూసిన్ తయారీని మొదలుపెడుతుంది. ఐసోల్యూసిన్ సరిపడా తయారవగానే అదే వచ్చి ఈ ఎంజైమ్ తోకలో కూర్చుని ఇక చాలని ఆపేస్తుంది. టమాటాలో దీనికే ఇంకో రూపం ఉంది, అది గాయమైనప్పుడు పెద్ద మొత్తంలో తయారవుతుంది. పురుగు ఆ ఆకు తిన్నాక దాని పేగులోని ఎంజైమ్‌లే ఈ ప్రొటీన్ తోకను కత్తిరించేస్తాయి. అంటే ఆపే బ్రేకును పురుగే ఊడబెరికినట్టు. ఇక ఆ ఎంజైమ్ ఆగదు, పురుగుకు అత్యవసరమైన థ్రియోనిన్‌ను దాని కడుపులోనే విరగ్గొడుతూ పోతుంది. ఆర్జినేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఇలాగే ఆర్జినిన్ సంగతి చూస్తుంది. 2005లో పొగాకు కొమ్ముపురుగు పేగులో ఈ రెండూ పనిచేస్తున్నట్టు చూపించారు. మొదటిసారి ఆ పేపర్ చదివిన రోజు నేను దాన్ని మళ్లీ మళ్లీ చదివాను, మొక్క రక్షణంటే పురుగును చంపడమే అనుకునే నా ఆలోచనే ఆ రోజుతో మారిపోయింది.

పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఇంకొకటి, కోసిన ఆకు అంచు గోధుమరంగు తిరిగేది దీనివల్లే. ఇది తయారుచేసే క్వినోన్లు ఆకు ప్రొటీన్‌కు అంటుకుని దాన్ని పోషకంగా పనికిరాకుండా చేస్తాయి.

ఇక కబురు ఎలా వెళుతుంది? ఇక్కడ మూడు నాలుగు అంచెలున్నాయి, వేగాలు కూడా వేరువేరు.

అన్నిటికంటే ముందు విద్యుత్ సంకేతం, కాల్షియం అల. కణం చితికితే లోపలి గ్లుటమేట్ బయటికి కారుతుంది. మన మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలు మోసే పదార్థమే ఇది, మొక్కల్లోనూ దాన్ని పసిగట్టే గ్రాహకాల్లాంటి ప్రొటీన్లున్నాయి. 2013లో అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ ప్రొటీన్లు లేకపోతే దూరపు ఆకుకు విద్యుత్ సంకేతం సరిగ్గా చేరదని తేలింది. 2018లో ఇంకో బృందం కాల్షియం పెరిగితే మెరిసే మొక్కలు తయారుచేసి, గొంగళిపురుగు ఒక ఆకును కొరకగానే ఆ మెరుపు ఈనెల వెంట సెకనుకు మిల్లీమీటరు చొప్పున పక్క ఆకుల్లోకి పాకడం వీడియో తీసింది. ఆ వీడియో వెతికి చూడండి, నా వివరణ కంటే అదే నయం.

తర్వాత హార్మోన్. దెబ్బతిన్న ఆకులో హరితరేణువుల పొరల నుంచి లినోలినిక్ ఆమ్లం విడుదలవుతుంది, అది వరసగా కొన్ని ఎంజైమ్‌ల చేతులు మారి జాస్మోనిక్ ఆమ్లం అవుతుంది, నిమిషాల్లోనే. దానికి ఐసోల్యూసిన్ తగిలించాక అసలు పనిచేసే రూపం వస్తుంది. ఇది కణంలో ఏం చేస్తుందో 2007లో తేలింది. రక్షణ జన్యువులను మొదలుపెట్టే ప్రొటీన్లు కణకేంద్రకంలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి, కానీ జాజ్ అనే ప్రొటీన్లు వాటికి కళ్లెం వేసి పట్టుకుని ఉంటాయి. జాస్మోనేట్ (జాస్మోనిక్ ఆమ్లానికీ దాని రూపాలకూ కలిపి వాడే పేరు) వచ్చిందంటే ఆ కళ్లేలను కణం తానే నాశనం చేసుకుంటుంది, అప్పుడు జన్యువులు మొదలవుతాయి. అలా మొదలయ్యే జన్యువుల్లో జాజ్ జన్యువులూ ఉంటాయి, అంటే కొత్త కళ్లేలు కూడా అప్పుడే తయారవుతుంటాయి. గాయం ఆగిపోతే కొంతసేపటికి అంతా సద్దుమణగడానికి కారణం ఇదే.

టమాటాలో మధ్యలో ఇంకొకరున్నారు, సిస్టెమిన్. 18 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, 200 అమైనో ఆమ్లాలున్న పెద్ద ప్రొటీన్ నుంచి తెగి వస్తుంది. రయాన్ బృందం పాతిక కిలోలకు పైగా టమాటా ఆకు నూరి, వడగట్టి, వేరుచేసుకుంటూ పోయి చివరికి మైక్రోగ్రాము మోతాదులో దీన్ని పట్టుకుంది, 1991లో. మొక్కల్లో ఇలాంటి పెప్టైడ్ హార్మోన్ ఒకటి ఉందని తెలియడం అదే మొదలు. పేరులోనే ఉన్నట్టు (సిస్టెమిక్ అంటే ఒళ్లంతా వ్యాపించేది), మొక్కంతా తిరిగే కబురు ఇదేనని అప్పట్లో అందరం నమ్మాం.

ఆ నమ్మకాన్ని మార్చింది అంటుకట్టు ప్రయోగం. 2002లో జాస్మోనేట్ తయారుచేయలేని టమాటా రకాన్ని, జాస్మోనేట్ ఉన్నా గుర్తించలేని ఇంకో రకాన్ని తీసుకుని మామూలు మొక్కలతో అంటుకట్టి, కింది భాగాన్ని నలిపి పై కొమ్మలో ఏం జరుగుతుందో చూశారు. కింది భాగానికి జాస్మోనేట్ తయారుచేసే శక్తి లేకపోతే పై కొమ్మ మామూలుదైనా స్పందించలేదు. పై కొమ్మకు తయారుచేసే శక్తి లేకపోయినా పర్వాలేదు, గుర్తించే శక్తి ఉంటే చాలు, స్పందించింది. అంటే టమాటాలో దూరం వెళ్లే కబురు జాస్మోనేటో, దాని దగ్గరి చుట్టమో. సిస్టెమిన్ పని గాయమైన చోట ఆ తయారీని పెంచడం. ఒక్క జాగ్రత్త: దీన్ని అన్ని మొక్కలకూ అంటగట్టకండి. సిస్టెమిన్ టమాటా, బంగాళాదుంప, మిరప ఉన్న కుటుంబానికే పరిమితం. అరాబిడాప్సిస్‌లో దూరపు ఆకు కబురు అందగానే సొంతంగానే జాస్మోనేట్ తయారుచేసుకుంటుంది.

చివరగా ప్రొటీన్. ఇది నెమ్మది. కబురు తయారీకి కావలసిన జన్యువులు మొదటి గంటా రెండు గంటల్లో మేలుకుంటాయి, పురుగును ఇబ్బందిపెట్టే నిరోధకాల జన్యువులు ఆ తర్వాత కొన్ని గంటలకు. ప్రొటీన్ పోగుపడి కణం మధ్యలోని రిక్తికలో నిండడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వెలుతురు కూడా కావాలి. ఒకసారి మాతో పనిచేసే విద్యార్థి తన మొక్కల్లో నిరోధకమే రావడం లేదని వారం రోజులు టెన్షన్ పడ్డాడు, ద్రావణాలన్నీ మార్చి చూశాడు, తీరా చూస్తే నలిపాక ఆ కుండీలను లైటు సరిగ్గా పడని కింది అరలో పెడుతున్నాడు. పై అరకు మార్చాక మామూలుగా వచ్చేసింది.

ఇంకో అనుభవం, ఇది నాదే. ఒక ప్రయోగంలో ముట్టుకోని మొక్కల్లో కూడా, అంటే పోలిక కోసం పక్కన పెట్టిన వాటిలో కూడా, నిరోధకం బాగా వచ్చింది. ఒకటి కాదు, అన్నిట్లోనూ. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. కారణం వెతికితే, అదే గదిలో మిథైల్ జాస్మోనేట్ సీసా ఒకటి మూత సరిగ్గా బిగించకుండా ఉంది, మల్లెపూల వాసనలో ఉండే పదార్థమే అది, సులువుగా ఆవిరవుతుంది. గాల్లో కొద్దిగా ఉన్నా టమాటా మొక్కకు చాలు. 1990లో ఫార్మర్, రయాన్ సరిగ్గా ఇదే చూపించారు, ఈ పదార్థాన్ని వదిలే సేజ్‌బ్రష్ అనే పొద కొమ్మలను టమాటా మొక్కలతో కలిపి మూసిన గాజు పెట్టెలో పెడితే, తాకకపోయినా టమాటా ఆకుల్లో నిరోధకాలు పెరిగాయి. చదివి తెలిసిన సంగతే అయినా నా మొక్కల్లో చూశాకే దాని బలం నాకు తెలిసింది. ఆ రోజు నుంచి ఆ సీసా వేరే గదిలో ఉంటుంది.

మరి మనమే గిల్లితే ఎందుకు లాభం లేదు?

మొదటిది, గిల్లడం పురుగు కొరికినట్టు కాదు. గిల్లితే ఒక్కసారి గాయం, పురుగు గంటల తరబడి అంచు వెంట కొద్దికొద్దిగా కొరుకుతూ పోతుంది. పురుగు కొరికే తీరును అనుకరించే మెక్‌వార్మ్ అనే యంత్రాన్ని తయారుచేసి చూస్తే, ఆగకుండా కొద్దికొద్దిగా చేసే గాయానికి మొక్క వదిలే వాసనలు పురుగు తిన్నప్పటి వాసనలకు చాలా దగ్గరగా వచ్చాయి. దానికి తోడు పురుగు ఉమ్మిలో వోలిసిటిన్ లాంటి పదార్థాలుంటాయి, వాటిని బట్టి కూడా మొక్క శత్రువును గుర్తుపడుతుంది. తిరగబడ్డ పురుగులూ ఉన్నాయి, మొక్కజొన్న కంకిపురుగు లాలాజలంలోని గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పొగాకులో రక్షణకు పనికొచ్చే నికోటిన్ పెరగకుండా అణచేస్తుంది.

రెండోది ఖర్చు, నా దృష్టిలో ముఖ్యమైనది ఇదే. ఈ ప్రొటీన్ల తయారీకి కావలసిన నత్రజని, శక్తి మొక్క ఎక్కడి నుంచో తేవాలి, పెరుగుదల నుంచీ గింజల నుంచీ తీసుకుంటుంది. అడవి పొగాకు మొక్కలకు జాస్మోనేట్ ఇచ్చి పెంచితే, పురుగుల దాడి ఉన్నచోట అవి లాభపడ్డాయి, దాడి లేనిచోట మామూలు మొక్కల కంటే తక్కువ గింజలు కాశాయి. అవసరమైనప్పుడే తయారుచేసుకునే పద్ధతి మొక్కలో ఉన్నది అందుకే. మీరు ఊరికే గిల్లుతూ ఉంటే రాని శత్రువు కోసం మొక్కతో ఖర్చు చేయిస్తున్నట్టు.

మూడోది, పురుగులు కూడా ఊరుకోవు. బంగాళాదుంప నిరోధకాన్ని జన్యుమార్పిడితో పొగాకులో పెట్టి చూస్తే, ఆ ఆకు తిన్న బీట్ ఆర్మీవార్మ్ పురుగులు ఆ నిరోధకానికి లొంగని వేరే ఎంజైమ్‌లను పేగులో పెంచుకున్నాయి. రసం పీల్చే పేనుబంక, తెల్లదోమ లాంటివైతే ఆకును నమలనే నమలవు, వాటి విషయంలో మొక్క ఎక్కువగా సాలిసిలిక్ ఆమ్లం అనే ఇంకో హార్మోన్ దారిలో స్పందిస్తుంది, ఆ దారి చాలాసార్లు జాస్మోనేట్ దారిని అణచేస్తుంది. పైగా ప్రతి గాయమూ బూజుకూ బ్యాక్టీరియాకూ తెరిచిన తలుపే.

సాలిసిలిక్ ఆమ్లం అన్నాను కాబట్టి ఒక మాట, ఆస్పిరిన్ దానికి దగ్గరి చుట్టమే. మొక్కకు ఆస్పిరిన్ నీళ్లు పోస్తే అన్ని రకాల రక్షణా పెరుగుతుందనే సలహా తరచుగా కనిపిస్తుంది. కొన్ని తెగుళ్ల విషయంలో దానికి కొంత ఆధారం ఉంది. కానీ టమాటాలో ఆస్పిరిన్ ఇస్తే గాయానికి వచ్చే నిరోధకాల తయారీ తగ్గుతుందని 1988లోనే చూపించారు. ఆకు తినే పురుగు ఉన్నప్పుడు మాత్రం దయచేసి ఆ పని చేయకండి.

ఈ నిరోధకాలను మనం తింటే ప్రమాదమా అని ఇంకొకరు అడిగారు. ఉడికిస్తే ఇలాంటి నిరోధకాల్లో చాలా భాగం పనిచేయకుండా పోతుంది. పచ్చి సోయాగింజల్లో ట్రిప్సిన్ నిరోధకం ఎక్కువ, దాన్ని కూనిట్జ్ 1945లోనే స్ఫటికంగా వేరుచేశాడు, సోయాను వేడిచేసే వాడడానికి ఒక కారణం అదే.

మీకు కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉంటే ఇదంతా కళ్లతో చూసే దారి ఒకటుంది, పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లటి పొర జెలటిన్‌తో చేసినది, జెలటిన్ ప్రొటీనే కాబట్టి ట్రిప్సిన్ చుక్క వేసి కాసేపు వెచ్చగా ఉంచి కడిగితే చుక్క పడ్డ చోట నలుపు కరిగిపోయి గాజులా తేటబడుతుంది. ఇప్పుడు అదే ట్రిప్సిన్‌లో ఆకు రసం కలిపి చుక్క వేయండి. గాయపడ్డ మొక్క రసమైతే ట్రిప్సిన్ చిక్కుకుపోతుంది, నలుపు చాలావరకు అలాగే ఉండిపోతుంది. ముట్టుకోని మొక్క రసమైతే మచ్చ తేటబడుతుంది. ట్రిప్సిన్ మరీ ఎక్కువైతే తేడా కనిపించదు, అందుకని పలచగా చేసుకుంటూ నాలుగైదు మోతాదులు వేసి చూడండి. నలిపాక మొక్కలను మంచి వెలుతురులో రెండు రోజులు ఉంచండి, పోలికకు పెట్టిన మొక్కలను వేరే గదిలో పెట్టండి. రసం మాత్రం నలిపిన ఆకు నుంచి కాదు, దాని పైనున్న, ఎవరూ ముట్టుకోని ఆకు నుంచి తీయండి.